ఖాకీకో న్యాయం, పౌరుడికో న్యాయమా?

2023 జనవరి 23, రాత్రి ఎనిమిది గంటల ప్రాంతం. అమెరికాలోని సియాటిల్ నగరంలో ఒక తెలుగమ్మాయి జీబ్రా క్రాసింగ్ మీద రోడ్డు దాటుతోంది. పేరు జాహ్నవి కందుల. వయసు 23. ఊరు కర్నూలు జిల్లా ఆదోని. నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీ సియాటిల్ క్యాంపస్‌లో మాస్టర్స్ చదువుతోంది. ఆ ఏడాది డిసెంబరులో డిగ్రీ చేతికి రావాలి. డ్రగ్ ఓవర్‌డోస్ కాల్ వచ్చిందని వేగంగా వెళ్తున్న ఒక పోలీసు అధికారి కారు ఆమెను గుద్దింది. ఆ వీధిలో వేగపరిమితి గంటకు 25 మైళ్లు. ఆ కారు అందుకున్న వేగం 74 మైళ్లు. అమ్మాయి వంద అడుగులకు పైగా ఎగిరిపడింది. ఆ రాత్రే ప్రాణం పోయింది.

మర్నాడు ఆ నగర పోలీసు యూనియన్ నాయకుల్లో ఒకడు మరో నాయకుడితో ఫోన్లో మాట్లాడుతూ నవ్వాడు. ఆ ప్రాణానికి పెద్ద విలువేం లేదని, పదకొండు వేల డాలర్లకు ఒక చెక్కు రాసిస్తే సరిపోతుందని అన్నాడు. ఒంటి మీది కెమెరా ఆన్‌లో ఉండిపోయింది కాబట్టి ఆ నవ్వు రికార్డయింది. ఆ ఏడాది సెప్టెంబరులో వీడియో బయటికొచ్చి లోకమంతా విన్నది. నగరం తరఫు లాయర్లు ఎలా మాట్లాడతారో వెక్కిరించానే తప్ప అమ్మాయిని కాదని ఆయన సంజాయిషీ ఇచ్చుకున్నాడు. వినేవాళ్లకు ఆ తేడా తెలియలేదు.

ఆ తర్వాత ఏం జరిగింది? 2024 ఫిబ్రవరిలో కింగ్ కౌంటీ ప్రాసిక్యూటర్ కార్యాలయం, కారు నడిపిన అధికారి మీద క్రిమినల్ కేసు పెట్టేందుకు సాక్ష్యం చాలదని తేల్చింది. మరుసటి నెల నగరం ఆయనకు నిర్లక్ష్యపు డ్రైవింగ్ కింద ఒక టికెట్ రాసింది. గరిష్ఠ జరిమానా 5,000 డాలర్లు. నవ్విన అధికారిని 2024 జూలైలో ఉద్యోగం నుంచి తీసేశారు. గుద్దిన అధికారిని 2025 జనవరిలో తీసేశారు. అంటే ప్రాణం తీసినవాడి ఉద్యోగం కంటే నవ్వినవాడి ఉద్యోగం ఆరు నెలల ముందు పోయింది. ప్రాణం తీసినవాడి ఉద్యోగం పోవడానికి దాదాపు రెండేళ్లు పట్టింది. జైలు మాట ఎక్కడా లేదు.

ఇప్పుడు మనలో ఒకరిని ఆ సీట్లో కూర్చోబెట్టి చూడండి. హెచ్-1బీ మీద ఉన్న సాఫ్ట్‌వేర్ ఇంజనీరు 25 మైళ్ల వీధిలో 74 మైళ్ల వేగంతో వెళ్లి ఒక మనిషి ప్రాణం తీశాడనుకుందాం. ఆ రాత్రి ఇంట్లో పడుకుంటాడా? ఉద్యోగం ఉంటుందా? ఇమ్మిగ్రేషన్ స్టేటస్ ఉంటుందా? ప్రాణం తీయడం దాకా అక్కర్లేదు. తాగి నడిపాడన్న అరెస్టు ఒక్కటి చాలు, నేరం రుజువు కాకముందే వీసా రద్దు చేస్తూ ఈమెయిల్ వస్తుంది. మన విషయంలో అనుమానమే శిక్షకు సరిపోతుంది. యూనిఫాం విషయంలో శవం, వీడియో, స్పీడు లెక్క అన్నీ ఉన్నా సాక్ష్యం సరిపోదు.

అత్యవసరంగా వెళ్లే పోలీసు వాహనానికి చట్టం కొంత మినహాయింపు ఇస్తుంది. ఆ మినహాయింపు ఉండాల్సిందే. మన ఇంట్లో ఎవరికైనా గుండెనొప్పి వస్తే అంబులెన్సు పాతిక మైళ్ల వేగంతో రావాలని మనం కోరుకోం. మినహాయింపు ఉండాలా వద్దా అన్నది ఇక్కడ గొడవ కాదు. దాన్ని సరిగా వాడారా దుర్వినియోగం చేశారా అని తేల్చేవాడెవడు, ఎంత కాలంలో తేలుస్తాడు, ఏ కొలతతో తేలుస్తాడు అన్నదే మనకు కావాల్సిన ప్రశ్న.

ఈ ప్రశ్నను సియాటిల్లో మనవాళ్లు గట్టిగానే అడిగారు. ర్యాలీలు తీశారు, కొవ్వొత్తులు పట్టుకున్నారు, మేయరుకు ఉత్తరాలు రాశారు. భారత కాన్సులేట్ కూడా బహిరంగంగా స్పందించింది. దేశంగాని దేశంలో, వీసా మీద ఉంటూ, పోలీసును నిలదీయడం చిన్న విషయం కాదు. అందుకు మనం గర్వపడాలి. కాని ఆ గర్వంతో పాటు ఒక చేదు ప్రశ్న కూడా వేసుకోవాలి. సియాటిల్లో అడిగినదాన్ని మన సొంత గడ్డ మీద ఎన్నిసార్లు అడిగాం?

సరిగ్గా అదే నెల సంగతి చూడండి. సియాటిల్ ఘటన జరిగిన రోజుల వ్యవధిలోనే, 2023 జనవరి చివరి వారంలో, తెలంగాణలోని మెదక్ పోలీసులు ఒక దినసరి కూలీని గొలుసు దొంగతనం అనుమానంతో హైదరాబాదు నుంచి పట్టుకెళ్లారు. సీసీటీవీలో కనిపించిన దొంగకు ఇతని పోలికలున్నాయన్నది వాళ్ల ఆధారం. కొన్ని రోజులుంచుకుని వదిలేశారు. మనిషి మంచాన పడ్డాడు. తనను స్టేషన్లో చిత్రహింసలు పెట్టారని ఆసుపత్రి నుంచి వీడియోలో చెప్పాడు. ఫిబ్రవరిలో గాంధీ ఆసుపత్రిలో చనిపోయాడు. పత్రికల్లో వార్త వచ్చాక కొందరిని సస్పెండ్ చేశారు. హైకోర్టు తనంత తానుగా కేసు చేపట్టింది.

ఆ కూలీ కోసం డల్లాస్‌లో, న్యూజెర్సీలో, లండన్‌లో, దుబాయిలో మనం ఎన్ని కొవ్వొత్తులు వెలిగించాం? మనలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? జాహ్నవి మనలాంటి ఇంటి పిల్ల కాబట్టి గుండె కలుక్కుమంది. కూలీ మనలాంటివాడు కాడు కాబట్టి వార్త కూడా కంటపడలేదు. ఒక ప్రాణానికి పెద్ద విలువేం లేదన్న పోలీసు మీద మనకు కోపం వచ్చింది, బాగానే ఉంది. మరి మన లెక్కలో ఆ కూలీ ప్రాణం విలువెంత?

రెండు దేశాలకూ ఉన్న తేడా కూడా చూడాలి. అమెరికా పోలీసులు సత్యసంధులని ఎవరూ అనరు. 2020 మే 25న మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ చనిపోయినప్పుడు అక్కడి పోలీసు శాఖ ఇచ్చిన మొదటి ప్రకటన చదివితే, ఏదో ఆరోగ్య సమస్య వచ్చి మనిషి పోయాడనే అనిపిస్తుంది. దారిన పోయే పదిహేడేళ్ల అమ్మాయి సెల్‌ఫోన్లో వీడియో తీసి ఉండకపోతే ఆ ప్రకటనే చరిత్రగా మిగిలేది. వీడియో ఉంది కాబట్టి సంబంధిత అధికారికి 2021లో ఇరవై రెండున్నరేళ్ల జైలు శిక్ష పడింది. అలబామాలో 2015లో మనవడిని చూసుకోవడానికి వచ్చిన 57 ఏళ్ల గుజరాతీ పెద్దాయనను, ఇంగ్లీషు రాక జవాబు చెప్పలేకపోతే, పోలీసు నేలకేసి కొట్టాడు. ఆయనకు పక్షవాతం వచ్చింది. అది కూడా పోలీసు కారు కెమెరాలో రికార్డయింది. అయినా రెండుసార్లు జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేదు, చివరికి 2016లో జడ్జి ఆ పోలీసును నిర్దోషిగా వదిలేసింది. కెమెరా ఉన్నా న్యాయం గ్యారంటీ కాదన్నమాట.

కాని అక్కడ ఒక్కటి మాత్రం జరుగుతుంది. ఏం జరిగిందో బయటికొస్తుంది. సియాటిల్ కేసులో స్పీడు ఎంతో మనకు తెలుసు. ఫోన్లో ఎవరు నవ్వారో తెలుసు. కేసు ఎందుకు పెట్టలేదో ప్రాసిక్యూటర్ కార్యాలయం కారణాలు చెప్పింది. పోలీసుల మీద ఫిర్యాదులు విచారించే ఒక ప్రత్యేక కార్యాలయం నగరంలో ఉంది. న్యాయం అరకొరగా దొరికింది కాని నిజం మాత్రం దొరికింది. మన దగ్గర లాకప్‌లో మనిషి పోతే మొదట పోయేది నిజమే. గుండెపోటు అంటారు, ఫిట్స్ అంటారు, బాత్‌రూంలో జారిపడ్డాడంటారు, ఉరేసుకున్నాడంటారు. ఆ సమయానికి స్టేషన్ సీసీ కెమెరా పనిచేయదు.

మన వ్యవస్థలో ఈ రెండు కొలతలు ఎలా పనిచేస్తాయో ఊళ్లో పెరిగిన ఎవరికైనా తెలుసు. సామాన్యుడి మీద ఆరోపణ వస్తే ముందు స్టేషన్‌కు రమ్మంటారు. కూర్చోబెడతారు. ఎఫ్ఐఆర్ ఉందో లేదో తెలియకుండానే ఒక రాత్రి గడుస్తుంది. అదే పోలీసు మీద ఆరోపణ వస్తే? ముందు వీఆర్‌కు పంపుతారు, లేదా హెడ్ క్వార్టర్స్‌కు అటాచ్ చేస్తారు. మర్నాడు పేపర్లో ఎస్సైపై వేటు అని పెద్దక్షరాలతో వస్తుంది. వేటు అంటే ఏమీ లేదు, మరో కుర్చీలోకి మార్పు. గొడవ పెద్దదైతే సస్పెన్షన్. శాఖాపరమైన విచారణ జరిపేది పై అధికారి. కొన్ని నెలలకు గొడవ సద్దుమణుగుతుంది. ఆ అధికారి మరో స్టేషన్లో కనిపిస్తాడు. కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకుంటామని మన పెద్దలు ఊరికే అనలేదు.

చట్టం పుస్తకంలో ఈ తేడా లేదు. అది అందరూ గుర్తుంచుకోవాల్సిన విషయం. ఉదాహరణకు ఆత్మరక్షణ హక్కునే తీసుకోండి. ఎవరైనా చంపడానికి మీద పడితే తనను కాపాడుకునేందుకు ఎదురుదాడి చేసే హక్కు ప్రతి పౌరుడికీ ఉంది. పోలీసుకూ ఉంది. ఇద్దరికీ ఉన్నది ఒకే హక్కు. మీ ఇంట్లో దొంగ పడి, పెనుగులాటలో వాడు చచ్చిపోయాడనుకోండి. ఆత్మరక్షణ కోసమే చేశానని మీరు చెబుతారు. పోలీసులు సరేనని వెళ్లిపోతారా? పోరు. ఎఫ్ఐఆర్ కడతారు, దర్యాప్తు చేస్తారు, ఆత్మరక్షణ అన్న మాట నిజమో కాదో కోర్టులో తేలాలి. తేల్చుకోవాల్సిన భారం మీదే. పోలీసు కాల్చి చంపినప్పుడు మాత్రం ఎఫ్ఐఆర్ చచ్చినవాడి మీద కడతారు. పోలీసుల మీద హత్యాయత్నం చేశాడని. ఆత్మరక్షణ నిజమో కాదో పోలీసులే తేలుస్తారు. ముద్దాయి వాళ్లే, జడ్జీ వాళ్లే.

ఈ అన్యాయాన్ని కోర్టు ముందు పెట్టింది మన తెలుగు నేలే. ఆంధ్రప్రదేశ్ పౌర హక్కుల సంఘం చేసిన ఫిర్యాదుల ఫలితంగానే జాతీయ మానవ హక్కుల కమిషన్ 1997లో ఎన్‌కౌంటర్ మరణాలపై దేశంలోని అన్ని రాష్ట్రాలకూ మార్గదర్శకాలు పంపింది. 2009 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, ఎన్‌కౌంటర్‌లో మనిషి చనిపోతే పోలీసుల మీద కేసు నమోదు చేయాల్సిందేనని, ఆత్మరక్షణ అన్నది కోర్టు విచారణలో తేలాల్సిందేనని తీర్పిచ్చింది. పోలీసు అధికారుల సంఘం వెంటనే సుప్రీంకోర్టుకు వెళ్లింది, తీర్పు అమలు ఆగిపోయింది. తర్వాత 2014లో సుప్రీంకోర్టు మరో కేసులో పదహారు మార్గదర్శకాలు ఇచ్చింది. వేరే స్టేషన్ వాళ్లు గాని సీఐడీ గాని దర్యాప్తు చేయాలని, మెజిస్ట్రేట్ విచారణ జరగాలని, ఘటన జరిగిన వెంటనే పతకాలు, ప్రమోషన్లు ఇవ్వకూడదని చెప్పింది.

ఆ మార్గదర్శకాలు వచ్చిన ఏడాదిలోపే ఏం జరిగిందో చూడండి. 2015 ఏప్రిల్ 7. ఒకే రోజు రెండు తెలుగు రాష్ట్రాల్లో పోలీసులు 25 మందిని కాల్చి చంపారు. శేషాచలం అడవుల్లో ఎర్రచందనం నరకడానికి వచ్చారంటూ 20 మంది తమిళ కూలీలను. వరంగల్ జైలు నుంచి హైదరాబాదు కోర్టుకు తీసుకొస్తూ ఆలేరు దగ్గర వ్యానులో ఐదుగురు విచారణ ఖైదీలను. ఆ ఐదుగురి చేతులకు బేడీలు ఉన్నాయి. ఫొటోల్లో అందరం చూశాం. చేతులకు బేడీలున్న ఐదుగురు, ఆయుధాలతో ఉన్న పోలీసు బృందం మీద తిరగబడ్డారని చెప్పారు. ఇదే మాట ఒక సామాన్యుడు చెబితే ఏ ఎస్సై అయినా నమ్ముతాడా?

ఇక 2019 డిసెంబరు 6. షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లి. యువ వెటర్నరీ డాక్టరుపై అత్యాచారం, హత్య కేసులో నిందితులైన నలుగురిని పోలీసులు తెల్లవారుజామున కాల్చి చంపారు. ఆ నేరం ఎంత ఘోరమైనదో చెప్పడానికి మాటలు లేవు. ఆ తల్లిదండ్రుల కడుపుకోత ఎవరూ తీర్చలేరు. కాని ఆ రోజు మనం ఏం చేశాం? హైదరాబాదులో పోలీసుల మీద పూలు చల్లారు, మిఠాయిలు తినిపించారు. మన వాట్సాప్ గ్రూపుల్లో దండాల బొమ్మలు నిండిపోయాయి. ఐవీ లీగ్ డిగ్రీలున్నవాళ్లు, అమెరికా రాజ్యాంగం గురించి పిల్లలకు పాఠాలు చెప్పేవాళ్లు కూడా భేష్ అన్నారు. మనలో కొద్దిమంది ప్రశ్నిస్తే నీకు ఆడపిల్లలు లేరా అని నోరు మూయించారు.

సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. పోలీసులు చెప్పిన కథ నమ్మదగినది కాదని, చంపాలన్న ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని, పదిమంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలని అది చెప్పింది. చనిపోయిన నలుగురిలో ముగ్గురు ఆ సమయానికి మైనర్లని కూడా చెప్పింది. ఆ తర్వాత వ్యవహారం తెలంగాణ హైకోర్టుకు చేరింది. తమకు వ్యతిరేకంగా ఉన్న నివేదికను సవాలు చేసే హక్కు ఆ పోలీసులకు ఉంది, వాడుకున్నారు. తమ వాదన వినిపించడానికి లాయరు ఉన్నాడు, కోర్టు ఉంది, కాలం ఉంది. మంచిదే, ప్రతి నిందితుడికీ అది ఉండాలి. ఆ నలుగురికి మాత్రం వారం రోజులు దాటి ఒక్క పూట దొరకలేదు. అరెస్టయిన వారానికే ప్రాణాలు పోయాయి. రెండు కొలతలంటే ఇవే.

ఇదంతా నేరస్తుల గొడవ, మనలాంటి చదువుకున్నవాళ్ల దాకా రాదని చాలామంది అనుకుంటారు. 2020 మే నెలలో విశాఖపట్నంలో జరిగింది గుర్తు చేసుకోండి. నర్సీపట్నం ప్రభుత్వాసుపత్రిలో మత్తు డాక్టరుగా పనిచేసే ఒకాయన, కరోనా సమయంలో మాస్కులు లేవని బహిరంగంగా అన్నందుకు సస్పెండయ్యాడు. నెల తర్వాత జాతీయ రహదారి మీద ఆయన చేతులు వెనక్కి విరిచి కట్టి, చొక్కా లేకుండా, లాఠీతో కొట్టి ఆటోలో పడేసిన దృశ్యాలు దేశమంతా చూసింది. తాగి గొడవ చేశాడన్నది పోలీసుల మాట. అదే నిజమనుకున్నా, తాగిన మనిషిని చేతులు కట్టి కొట్టమని ఏ సెక్షన్ చెబుతోంది? ఆయనను మానసిక ఆసుపత్రికి పంపారు. హైకోర్టు సీబీఐ విచారణకు ఆదేశించింది. మరుసటి ఏడాది మేలో ఆయన గుండెపోటుతో చనిపోయాడు. డిగ్రీ ఆయన్ను కాపాడలేదు. హోదా కాపాడలేదు.

మనం బయటి దేశంలో ఉన్నాం కాబట్టి కాపాడబడ్డామేమో గాని, మన చేతులూ శుభ్రంగా లేవు. హైదరాబాదులో మన ప్లాటు ఎవరో కబ్జా చేశారని తెలిస్తే మనం ఏం చేస్తాం? ఎఫ్ఐఆర్ కట్టాల్సిందేనని సుప్రీంకోర్టు 2013లో లలితాకుమారి కేసులో చెప్పిందని ఫిర్యాదు పట్టుకుని స్టేషన్‌కు వెళ్తామా? వెళ్లం. ఇంజనీరింగులో క్లాస్‌మేట్ ఐపీఎస్ అయ్యాడేమో వెతుకుతాం. ఎమ్మెల్యే బామ్మర్ది నంబరు సంపాదిస్తాం. అవతలివాణ్ని స్టేషన్‌కు పిలిపించి నాలుగు తగిలిస్తే గాని దారికి రాడంటాం. పాస్‌పోర్టు వెరిఫికేషన్‌కు వచ్చిన కానిస్టేబుల్‌కు మన నాన్నగారు టీ ఖర్చులిచ్చిన రోజు నుంచీ మనం ఈ వ్యవస్థకు కస్టమర్లమే. మనకు పనిచేసిపెట్టే దెబ్బ మంచిది, మనకు తగిలే దెబ్బ చెడ్డది. తిలా పాపం తలా పిడికెడు.

పోలీసుల వైపు నుంచి కూడా ఒక మాట వినాలి. మన కానిస్టేబుల్ పన్నెండు, పద్నాలుగు గంటలు డ్యూటీ చేస్తాడు. వారాంతపు సెలవు చాలాచోట్ల కాగితం మీదే. బందోబస్తు, వీఐపీ కాన్వాయ్, జాతర, పరీక్షలు, ఎన్నికలు అన్నీ ఆయన నెత్తినే. దర్యాప్తుకు శిక్షణ లేదు, ఫోరెన్సిక్ సదుపాయాలు చాలవు, మూడు రోజుల్లో దొంగను పట్టుకోవాలని పైనుంచి ఒత్తిడి. సీఐ పోస్టింగు కావాలంటే ఎమ్మెల్యే సిఫార్సు లేఖ కావాలి. లేఖ ఇచ్చినవాడికి జవాబుదారీగా ఉంటాడా, ఫిర్యాదు ఇచ్చినవాడికి ఉంటాడా? ప్రభుత్వం మారినప్పుడల్లా నిన్న కొట్టినవాళ్ల మీద కేసులు, నిన్న దెబ్బలు తిన్నవాళ్లకు కుర్చీలు. అది జవాబుదారీతనం కాదు, వంతులవారీ కక్ష. కాబట్టి మనం పోలీసులకు వ్యతిరేకం కాదు. పోలీసును పార్టీ చేతుల్లోంచి విడిపించి చట్టం చేతుల్లో పెట్టమనే అడుగుతున్నాం.

కోర్టుల్లో కేసులు ఏళ్ల తరబడి నడుస్తాయి, అందుకే జనం ఎన్‌కౌంటర్లకు చప్పట్లు కొడతారన్న వాదన కూడా ఉంది. జనం కోపంలో న్యాయం ఉంది. కాని బండి నడవడం లేదని ఎద్దును చంపుకుంటే బండి నడుస్తుందా? కోర్టులు నెమ్మదిగా ఉంటే జడ్జీల ఖాళీలు నింపమని అడగాలి, ప్రాసిక్యూషన్‌ను బలపరచమని అడగాలి. తుపాకికి తీర్పు చెప్పే అధికారం ఇస్తే, దోషి ఎవరో నిర్దోషి ఎవరో చెప్పేవాళ్లు మిగలరు. మెదక్‌లో పోలికలు చూసి పట్టుకెళ్లిన మనిషి కథ మరిచిపోకూడదు.

మరి ఏం చేయాలి? కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు. కావాల్సినవన్నీ ఇప్పటికే కోర్టు తీర్పుల్లో ఉన్నాయి.

మొదటిది, ప్రకాశ్ సింగ్ కేసులో 2006 సెప్టెంబరు 22న సుప్రీంకోర్టు ఇచ్చిన ఏడు ఆదేశాలు. వాటిలో ముఖ్యమైనది పోలీసు ఫిర్యాదుల అథారిటీ. రాష్ట్ర స్థాయిలో విశ్రాంత హైకోర్టు లేదా సుప్రీంకోర్టు న్యాయమూర్తి, జిల్లా స్థాయిలో విశ్రాంత జిల్లా జడ్జి అధ్యక్షతన పనిచేయాలి. ఇది పోలీసు శాఖకు బయట ఉండే వ్యవస్థ. తీర్పు వచ్చిన పదిహేనేళ్లకు, 2021లో, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నియమించిన ఛైర్మన్ విషయం కూడా వయోపరిమితి వివాదంతో హైకోర్టుకెక్కింది. జిల్లా స్థాయి అథారిటీ అనేది ఒకటుండాలని సామాన్యుడికి ఈరోజుకీ తెలియదు. అథారిటీలో పోలీసులతో సంబంధం లేని సభ్యులుండాలి, సొంత దర్యాప్తు సిబ్బంది ఉండాలి, దాని సిఫార్సులు ప్రభుత్వం పాటించి తీరాలి.

రెండవది, సీసీ కెమెరాలు. 2020 డిసెంబరు 2న సుప్రీంకోర్టు ప్రతి పోలీసు స్టేషన్లో, లాకప్‌తో సహా, ఆడియో రికార్డయ్యే కెమెరాలు పెట్టాలని ఆదేశించింది. కెమెరాలు పనిచేయడం లేదన్న విషయాన్ని 2025 సెప్టెంబరులో అదే కోర్టు తనంత తానుగా మళ్లీ చేపట్టాల్సి వచ్చింది. లాకప్ మరణం జరిగినప్పుడు ఫుటేజీ లేకపోతే, లేకపోవడాన్నే స్టేషన్ అధికారికి వ్యతిరేక సాక్ష్యంగా చూడాలి. ఇన్‌కం టాక్స్ వాళ్లు రసీదు అడిగితే పోయిందంటే మనల్ని వదులుతారా?

మూడవది, ప్రాసిక్యూషన్ అనుమతి. విధి నిర్వహణలో చేసిన పనికి అధికారి మీద కేసు నడపాలంటే ప్రభుత్వ అనుమతి కావాలన్న నిబంధన పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఉండేది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 120 రోజుల్లో ప్రభుత్వం తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క అంటోంది. ఇది మంచి మార్పు. దీన్ని పౌర సంఘాలు, లాయర్లు గట్టిగా వాడుకోవాలి. మనిషిని లాకప్‌లో కొట్టడం ఏ విధి నిర్వహణలోనూ భాగం కాదన్నది ప్రతి కేసులోనూ వాదించాలి.

నాలుగవది, చిత్రహింసల నిరోధక చట్టం. ఐక్యరాజ్యసమితి ఒప్పందంపై భారత్ 1997లో సంతకం చేసింది, ఇప్పటికీ ధ్రువీకరించలేదు. 2010లో లోక్‌సభ ఆమోదించిన బిల్లు చట్టం కాకుండానే మురిగిపోయింది. ఏ పార్టీకీ ఇది ఓట్లు తెచ్చే అంశం కాదు. అందుకే అడిగేవాళ్లు కావాలి.

మనం దూరంగా ఉండి చేయగలిగింది ఏమిటని అడిగే మిత్రులకు ఒక చిన్న పని చెబుతాం. మీ ఊరు ఏ పోలీసు స్టేషన్ పరిధిలోకి వస్తుందో మీకు తెలుసు. భారత పౌరసత్వం ఉన్నవాళ్లు స్వయంగా, లేనివాళ్లు ఊళ్లో ఉన్న బంధువు ద్వారా, సమాచార హక్కు చట్టం కింద ఆ స్టేషన్‌కు ఐదు ప్రశ్నలు పంపండి. ఎన్ని కెమెరాలున్నాయి? ఈ రోజు ఎన్ని పనిచేస్తున్నాయి? ఫుటేజీ ఎన్నాళ్లు దాస్తున్నారు? గత ఐదేళ్లలో సిబ్బంది మీద ఎన్ని ఫిర్యాదులొచ్చాయి, ఏమయ్యాయి? జిల్లా ఫిర్యాదుల అథారిటీ చిరునామా ఏమిటి? జవాబు రాకపోతే అప్పీలు చేయండి. వచ్చిన జవాబు మాకు పంపండి. వంద స్టేషన్ల జవాబులు ఒకచోట చేరితే, ఎన్నికలప్పుడు ఇక్కడికి విరాళాల కోసం వచ్చే ప్రతి నాయకుడి ముందూ ఆ కాగితాలు పెట్టవచ్చు. మన డాలర్లు తీసుకునేవాళ్లు మన ప్రశ్నలు కూడా తీసుకోవాలి.

ఇంకొక పని ఉంది, అది ఇంతకంటే కష్టం. ఈసారి ఎవరినో కాల్చి చంపారన్న వార్త వచ్చినప్పుడు, నిందితుడు ఎంత నీచుడైనా సరే, దండం బొమ్మ పెట్టేముందు ఒక్క నిమిషం ఆగండి. ఇదే సియాటిల్ పోలీసు చేసి, చచ్చింది మన పిల్లాడయితే ఏమడిగేవాళ్లమో ఆ ప్రశ్నలే గ్రూపులో అడగండి. ఎవరు చూశారు, ఎవరు దర్యాప్తు చేస్తున్నారు, ఎఫ్ఐఆర్ ఎవరి మీద అని. నలుగురు తిడతారు. ఐదోవాడు ఆలోచిస్తాడు.

ఆదోని అమ్మాయి ప్రాణానికి విలువ లేదన్న మాటకు మనం తలెత్తి జవాబు చెప్పాం. ఆ జవాబు నిజాయితీగా నిలబడాలంటే, మెదక్ కూలీ ప్రాణానికీ అంతే విలువ ఉందని అదే గొంతుతో చెప్పాలి. అక్కడ పౌరులుగా అడిగి, ఇక్కడ ప్రేక్షకులుగా చప్పట్లు కొడితే, మనం అడిగింది న్యాయం కాదు, మనవాళ్లకు మినహాయింపు మాత్రమే అవుతుంది.